అమ్మ పంటు ఎక్కిన సోమవారం

పాస్టర్లకు ఆదివారం సెలవు ఉండదు. మాకు సెలవంటే సోమవారమే. ఆ సోమవారం కూడా ఒకరింట ప్రార్థన, ఒకరికి ఆస్పత్రి, మరొకరికి పొలం గట్టు తగాదా అంటూ సాయంత్రానికి కరిగిపోతుంది. "వచ్చే సోమవారం తప్పకుండా మామయ్య దగ్గరకు తీసుకువెళ్తానమ్మా" అని మా అమ్మకు నేను మాట ఇచ్చి మూడేళ్ళు దాటింది. సంఘంలో ఎవరు పిలిచినా రాత్రి పది గంటలకైనా సైకిలెక్కి, తరువాత మోటారు సైకిలెక్కి వెళ్ళినవాడినే గాని, కన్నతల్లి అడిగిన ఒక్క పగలు ఇవ్వలేకపోయాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. అయినా మనలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి మాట ఒకటి బాకీ ఉండే ఉంటుందని రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో ఒకనాడు అమ్మ నన్ను ఏమీ అడగలేదు. పేపరు చదువుతూ కూర్చుని, "అన్నయ్యకు మోకాళ్ళు పూర్తిగా పడిపోయాయట" అని మాత్రం అన్నది. మా సంఘ పెద్ద ఒకరి దగ్గర పాత మారుతి వ్యాను ఉంది. ఆయనను అడిగితే, కారుతో పాటు కారు నడపడానికి తన కుమారుణ్ణి కూడా ఇచ్చారు. అలా దేవుని కృపను బట్టి, ఒక సోమవారం తెల్లవారుజామున అమ్మ, నా భార్య, ఇంటరు చదువుతున్న మా అమ్మాయి, నేను కొల్లిపర నుండి బయలుదేరాము.

మామయ్య ఉండేది కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో, నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఎదురుమొండి దీవిలో. కూతుర్ని అక్కడికిచ్చి, ముసలితనంలో తానూ అక్కడికే చేరాడు. ఆ దీవికి వంతెన లేదు. ఏటిమొగ రేవులో పంటు ఎక్కాలి. మనుషులూ మోటారు సైకిళ్ళూ కార్లూ అన్నీ ఆ పంటు మీదనే దాటుతాయి.

మా అమ్మ 1977 తరువాత పడవ ఎక్కలేదు.

ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1974లో కొల్లిపరకు కోడలుగా వచ్చింది. అప్పట్లో దివిసీమ నుండి మా వైపుకు రావాలంటే పులిగడ్డ రేవులో పడవ ఎక్కి పెనుమూడిలో దిగి, రేపల్లె చేరాలి. పెళ్ళికూతురు కూడా పడవలోనే వచ్చింది. వచ్చిన మూడేళ్ళకు, 1977 నవంబరు 19 శనివారం నాడు, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మంది దాకా చనిపోయారని లెక్కలు చెబుతాయి. ఆ పల్లెల వాళ్ళను అడిగితే లెక్క ఇంకా పెద్దదంటారు. సొర్లగొంది వంటి ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళే లేకుండా పోయాయి. అమ్మ చెల్లెలికి అప్పుడు పదహారేళ్ళు. ఆ పిల్ల దొరకలేదు. మామయ్య తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడి బ్రతికాడు. అమ్మ ఆ సమయానికి కొల్లిపరలో ఉంది, నేను ఆమె కడుపులో ఉన్నాను. వార్త తెలియడానికే రోజులు పట్టింది.

ఆ తరువాత అమ్మ పుట్టింటికి వెళ్ళవలసి వస్తే పెనుమూడి రేవు వైపు చూసేది కాదు. తెనాలి వెళ్ళి, విజయవాడ వెళ్ళి, అక్కడి నుండి ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులో దివిసీమ చేరేది. ఎదుటి గట్టున కనిపించే ఊరికి ఒక పగలంతా ప్రయాణం! పులిగడ్డ అక్విడక్టు మీద బస్సు పోతుంటే నా తల తన ఒడిలోకి లాక్కుని కళ్ళు మూసుకునేది. చిన్నప్పుడు నేను అది నిద్ర అనుకున్నాను.

సరే, ప్రయాణం సంగతికి వస్తాను.

కొల్లిపర నుండి రేపల్లెకు తెనాలి మీదుగా వెళ్ళడం సుళువు. మేము తొందరలో లేము గనుక కృష్ణ కుడి కరకట్ట పట్టాము. ఈ దారిని ఎరగని వాళ్ళకు చెబుతున్నాను – చలికాలం పొద్దున్నే ఈ కట్ట మీద ప్రయాణం చేసి చూడండి. ఎడమ చేతివైపు లంకలు, వాటి అవతల మంచులో ఎక్కడో నది. కుడి చేతివైపు అరటి తోటలు, కంద చేలు, మొక్కజొన్న, పసుపు. మా ప్రాంతంలో ఫిబ్రవరి అంటే పసుపు తవ్వే కాలం. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి కళ్ళంలో ఆరబోస్తారు. ఆ ఆవిరి వాసన మైలు దూరం నుండే ముక్కుకు తగులుతుంది. తవ్వే కూలీలు చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉండి, పెళ్ళివారిలాగా కనిపిస్తారు. ఆ పసుపంతా దుగ్గిరాల మార్కెట్టుకు పోతుంది. ధర బాగుంటే సంఘంలో కృతజ్ఞతార్పణలు ఎక్కువ, ధర పడితే పాస్టరుకు ప్రార్థన మనవులు ఎక్కువ. నవ్వుకోవడానికి అన్నాను గాని, కౌలు రైతు ఇంట అది నవ్వే సంగతి కాదు.

లంకల వైపు చూస్తే కొన్ని అరటి తోటలు ఇంకా మోడులుగానే కనిపించాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి వచ్చింది. 2009 అక్టోబరు వరదను మించిపోయింది. అన్నవరపులంక వంటి ఊళ్ళు మునిగాయి. లంకల వాళ్ళు గేదెలను తోలుకుని, బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని ఇదే కట్ట మీదకు వచ్చారు. మా సంఘ స్త్రీలు రెండు రోజులు వంటలు చేసి పంపారు. గేదెలకు గడ్డి సంపాదించడం అన్నానికన్నా కష్టమయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కారు ఆపి మా అమ్మాయికి ఆ చోటు చూపించాను. ఇప్పుడు అక్కడ ఒక మేకపిల్ల పడుకుని ఉంది.

ఈ కట్ట మీద నిలబడితే ఒక చిత్రం తెలుస్తుంది. విజయవాడలో కనకదుర్గ వారధి దాటిన తరువాత పెనుమూడి వరకు నదికి అడ్డంగా వంతెన లేదు. మా వల్లభాపురం ఎదుటనే తోట్లవల్లూరు. అవతలి గట్టున గేదెలు నీళ్ళలో దిగడం కూడా కనిపిస్తుంది. అయినా కారు మీద పోవాలంటే విజయవాడ తిరిగి రావాలి. అందుకే మా పెద్దలకు పడవ అంటే విహారం కాదు, అదే బస్సు. మన తెలుగు బైబిలులో దోనె అని ఉంటుంది. ప్రభువు గలిలయ సముద్రం మీద వెళ్ళింది దోనెలోనే. మా ఊళ్ళలో పడవ, నాటు పడవ, బల్లకట్టు, పంటు అంటారు. చిన్నపిల్లలకు సండే స్కూలులో దోనె అని చెబితే, "అంటే పడవేనా అయ్యగారూ?" అని అడుగుతారు.

కొల్లూరు మీదుగా భట్టిప్రోలు చేరేసరికి ఎండ వచ్చింది. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర కాసేపు ఆగాము. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన ఇక్కడ తవ్వితే, రాతి పేటికలు, వాటి మీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. అవి క్రీస్తు పూర్వం నాటివని పండితుల లెక్క. తెలుగు లిపి పుట్టుక గురించి వెదికేవాళ్ళంతా ఈ రాతల దగ్గరకు రాక తప్పదు. మనం పొద్దున్నే వేదపుస్తకం తెరిచి చదువుకునే అక్షరాల తాత ముత్తాతలు మన ఇంటి పక్కనే ఉన్నారని మా అమ్మాయికి చెప్పాను. అది శ్రద్ధగా విన్నది. అమ్మ మాత్రం కారు దిగలేదు. "రాళ్ళు తరువాత చూడవచ్చు లేరా" అన్నది.

రేపల్లెలో ఇడ్లీ తిన్నాము. తెనాలి నుండి రేపల్లెకు 1916లోనే రైలు వచ్చింది గాని, ఆ పట్టాలు అక్కడితో ఆగిపోయాయి. అవతల నది. పెనుమూడి–పులిగడ్డ వారధి 2006లో తెరిచేవరకు రేపల్లె అంటే ఈ చివరి ఊరే. వారధి మీద కారు ఆపించి అమ్మకు పాత రేవు ఎక్కడుండేదో చూపించమన్నాను. ఆమె ఒకసారి కిందికి చూసి, "ఆ ఇసుక దగ్గర. మీ నాన్న నా ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగారు. కొత్త పంచె తడిసిపోయిందని మీ నాయనమ్మ గొడవ" అని నవ్వింది. మా నాన్న గురించి నేను వినని సంగతి అది. ఆయన చనిపోయి ఇన్నేళ్ళయింది, ఇంకా కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి.

పులిగడ్డ దగ్గర ఎడమ వైపున అక్విడక్టు దారి విడిపోతుంది. బ్రిటిషువారి కాలంలో కట్టారు. కింద నది పాయ, దాని మీదుగా దివిసీమ పొలాలకు పోయే కాలువ. నది మీద నది పోతున్నట్టు ఉంటుంది. అవనిగడ్డ, నాగాయలంక దాటి ఏటిమొగ చేరేసరికి పదకొండు అయింది. అక్కడికి వచ్చేసరికి మన కృష్ణ మనకు తెలిసిన కృష్ణ కాదు. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆటుపోట్లకు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. గట్ల వెంట మడ చెట్లు. గాలిలో ఎండుచేపల వాసన.

పంటు రేవులోనే ఉంది. చదునుగా, వెడల్పుగా, ఇంజను బిగించి ఉంది. మోటారు సైకిళ్ళు, గ్యాసు సిలిండర్లు, కూరగాయల బుట్టలు, సంచులు భుజాన వేసుకున్న మనుషులు ఎక్కుతున్నారు. మా డ్రైవరు కుర్రాడు కారు ఎక్కించడానికి సిద్ధమయ్యాడు. అమ్మ కారు దిగింది. నాలుగడుగులు వేసింది. నీళ్ళ దగ్గర ఆగింది.

"మీరు వెళ్ళి రండి. నేనిక్కడే కూర్చుంటాను. వాడికి ఈ సంచి ఇవ్వండి" అన్నది. సంచిలో కొత్త పసుపు, రెండు కంద గడ్డలు, ఒక ఆవకాయ సీసా ఉన్నాయి.

నా భార్య బ్రతిమాలింది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది. నేను పాస్టరును గదా, నా ధోరణిలో నేను తుపానులో శిష్యులు భయపడిన సంగతి, ప్రభువు గాలిని గద్దించిన సంగతి మొదలుపెట్టాను. అమ్మ నా ముఖం వైపు చూసి, "ఆ కథ నీకు చెప్పింది నేనేరా అబ్బాయ్. నాకు విశ్వాసం లేక కాదు. కాళ్ళు రావడం లేదు" అన్నది.

ఇరవై ఏళ్ళకు పైగా ప్రసంగాలు చెబుతున్నాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. భయపడే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి విశ్వాసం గురించి ఎన్నిసార్లు తొందరపడి మాట్లాడానో ఆ రేవు గట్టున గుర్తుకు వచ్చింది.

పంటు మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. అక్కడున్న టీ బడ్డీ ముందు అమ్మను కూర్చోబెట్టాము. మామయ్య మనుమడికి ఫోను చేసి, అమ్మమ్మ రాలేకపోతున్నది, మేము ముగ్గురమే వస్తామని చెప్పాను. అటు నుండి ఏవో మాటలు వినిపించాయి, ఫోను పెట్టేశాడు. దాదాపు గంట గడిచింది. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఏదో ఆంధ్ర క్రైస్తవ కీర్తన పెదవుల లోపలే పాడుకుంటూ కూర్చుంది.

పంటు తిరిగి వస్తోంది. దూరాన మోటారు సైకిళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. నెత్తిన తువ్వాలు. దగ్గరకు వచ్చేదాకా నేను పోల్చుకోలేదు. అమ్మ మాత్రం లేచి నిలబడింది.

ఎనభై ఏళ్ళ మామయ్య! నడవలేనివాడు! మనుమడు బండి మీద రేవుకు తెచ్చి, ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తి పంటు మీద పెట్టారట. "నువ్వు ఎక్కవని నాకు తెలుసు చెల్లాయ్. అందుకే నేనే వచ్చాను" అన్నాడు. అమ్మ నీళ్ళలో తడిసిన ఆ వాలు బల్ల దగ్గరకు పోయి ఆయన చేతులు పట్టుకుంది. ఇద్దరూ మాట్లాడలేదు. పంటు వాళ్ళు కూడా తొందర పెట్టలేదు. దివిసీమలో ఈ వయసు వాళ్ళు ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు.

చూడవలసిన మనిషిని చూశాము. ఇక వెనక్కు పోవచ్చు. నేను అలాగే అనుకున్నాను. ఇంతలో పంటు తిరిగి బయలుదేరుతుందని కేక వేశారు. మామయ్య కుర్చీలోనే ఉన్నాడు.

"నువ్వొక్కడివే ఎట్లా పోతావ్ అన్నయ్యా?" అన్నది అమ్మ.

అని, మా వైపు తిరిగి అయినా చూడకుండా, బల్ల మీద కాలు పెట్టి ఎక్కేసింది. చెప్పులు గట్టునే ఉండిపోయాయి. మా అమ్మాయి వాటిని పట్టుకుని వెనుక పరుగెత్తింది. మా డ్రైవరు కుర్రాడు తేరుకుని కారు ఎక్కించాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. కుటుంబాలతో ఇలా నది దాటేవాళ్ళు కారు పంటు మీదకు ఎక్కాక లోపల కూర్చుని ఉండవద్దు. చేతి బ్రేకు వేసి, అద్దాలు దించి, అందరూ దిగి నిలబడండి. చక్రాల కింద కొయ్య దిమ్మలు పెట్టారో లేదో చూసుకోండి. జనం ఎక్కువ ఎక్కారనిపిస్తే తరువాతి దానికి ఆగండి. లైఫ్ జాకెట్లు అడగడానికి మొహమాటపడవద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అడిగేవాళ్ళు ఉంటేనే పెట్టేవాళ్ళు ఉంటారు.

దాటడానికి ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. అమ్మ అన్న కుర్చీ పక్కన కింద కూర్చుని, ఒక చేత్తో కుర్చీ కాలు, మరో చేత్తో ఆయన పంచె అంచు పట్టుకుంది. మధ్య నదిలో కెరటం తగిలి పంటు కొంచెం ఊగినప్పుడు కళ్ళు మూసుకుంది. మామయ్య తల మీద చెయ్యి వేశాడు. అంతే.

దీవి మీద రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, మధ్య మధ్య తాటిచెట్లు. స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టరు కూడా చూశాము. ఉప్పెన తరువాత ప్రభుత్వమూ ఎన్నో సంస్థలూ ఈ తీరమంతటా ఇలాంటివి కట్టాయి. చర్చీల సహాయ సంస్థ కాసా కూడా కట్టింది. షెల్టరు ఉంటే సరిపోదు, దానికి దారి, లోపల నీళ్ళు, తాళం ఎవరి దగ్గరుందో తెలియడం – ఇవన్నీ కావాలని మామయ్య మనుమడు చెప్పాడు. దీవి పిల్లలు పై చదువులకు పంటు మీదే పోవాలి. రాత్రివేళ పురిటి నొప్పులు వస్తే ఆ ఇంటివాళ్ళ పాట్లు దేవునికే తెలుసు. వంతెన కావాలని ఇక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మాకు ఒక్కనాటి ప్రయాణం. వాళ్ళకు అది రోజూ దాటవలసిన నీరు.

మేనకోడలు రొయ్యల ఇగురు, చేపల పులుసు పెట్టింది. మేము కట్టుకుపోయిన పులిహోర పిల్లలు తిన్నారు. భోజనాలయ్యాక మామయ్య మంచం చెట్టు కింద వేయించుకున్నాడు. అమ్మ పట్టె మీద కూర్చుంది. దాదాపు గంటసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను పోయి ప్రార్థన చేద్దామా అని రెండుసార్లు లేచాను. నా భార్య కళ్ళతోనే కూర్చోమన్నది. ఆమె మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషం. చివరకు మామయ్యే పిలిచి, "అల్లుడూ, ఇప్పుడు ప్రార్థన చెయ్యి, చిన్నదిగా" అన్నాడు. చిన్నదిగానే చేశాను.

తిరుగు పంటులో అమ్మ కారు పక్కన నిలబడింది. మా అమ్మాయి భుజం పట్టుకునే ఉంది గాని, కళ్ళు తెరిచే ఉంది. సముద్రం వైపు చూసింది. కొంగలు బారులుగా మడ చెట్ల మీదకు వస్తున్నాయి. గట్టు చేరాక టీ బడ్డీ ఆవిడ, "ఎక్కారుగా మామ్మగారూ!" అని కేక వేసింది. అమ్మ చెయ్యి ఊపింది.

పెనుమూడి వారధి దాటేటప్పటికి చీకటి పడింది. రేపల్లె దగ్గర, ఎవరూ అడగకుండానే, "ఆ రోజు అది నేను పంపిన ఓణీయే కట్టుకుందట" అన్నది అమ్మ. క్రిస్మసుకని కొల్లిపర నుండి ముందుగా పంపిన ఓణీ. పండుగ దాకా ఆగలేక కట్టుకుంది. నలభై ఏడేళ్ళుగా మామయ్య ఆ సంగతి తన దగ్గరే దాచుకున్నాడు. చెబితే చెల్లెలు తట్టుకోలేదని. "ఏం రంగమ్మా?" అని నా భార్య నెమ్మదిగా అడిగింది. "ఆకుపచ్చ. దానికి ఆకుపచ్చ అంటే ఇష్టం" అన్నది అమ్మ. తరువాత భట్టిప్రోలు దాకా ఎవరమూ మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. మామయ్య ఇచ్చిన ఎండు రొయ్యల మూట కారు వెనుక మరచిపోయాము. ఆదివారం ఆరాధన తరువాత మా సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, కారులో దివిసీమ అంతా ఉంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు, మూట తెచ్చి ఇచ్చారు.

అమ్మ ఆ రొయ్యలను నాలుగు ఇళ్ళకు పంచింది. పంచుతూ, నన్ను చూడకుండానే, "వచ్చే నెలలో నీకు ఏ సోమవారం ఖాళీరా?" అని అడిగింది.